నల్ల కారు పక్కన చోటు

ఆకాశంలో తిరిగే స్కైలాబు నెత్తిన పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు భయపడి, చివరికి అది ఎక్కడో దూరాన పడిపోయిన ఏడాది, పత్తి రోజుల్లో మరియమ్మ ఆదోనికి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే ఏసమ్మ చోటును లాగేసుకుంది.

ఆ చోటు పెద్దదేమీ కాదు. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు గేటు లోపల, పెద్ద గోదాము గోడ నీడలో, సావుకారు నల్ల అంబాసిడర్ కారు పక్కన ఒక మనిషి నిలబడేంత నేల. ఏసమ్మ నాయన మద్దయ్య ఆ కారుకు డ్రైవరు. పొద్దున్నే మిల్లు కూత వేయకముందే ఆయన కారును గోడ నీడకు తెచ్చి కడుగుతాడు. బకెట్టు అందించడానికి, బట్ట జాడించి ఇవ్వడానికి పక్కన ఒకరు కావాలి. ఏసమ్మకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఒకరు ఏసమ్మే.

కారు కడగడమంటే నీళ్ళు కొట్టి తుడిచేయడమే అనుకుంటారు చాలామంది. మద్దయ్య దగ్గర అట్లా కుదరదు. ముందు ఆయన చేతిని తిరగేసి, వేళ్ళ వెనకవైపు బానెట్ మీద ఆనించి చూస్తాడు. వెచ్చగా ఉంటే కడగడు. వేడి రేకు మీద నీళ్ళు ఆరిపోతే మచ్చలు కడతాయట. చల్లగా ఉందనిపిస్తే టాపు మీద నుంచి చెంబుతో నీళ్ళు వదులుతాడు. అప్పటికింకా చేయి గానీ బట్ట గానీ తగలనివ్వడు. మిల్లు నుంచి ఎగిరొచ్చే పీచు, లారీలు లేపే నల్లమట్టి దుమ్ము నీళ్ళతోనే జారిపోవాలి. దుమ్ము మీద బట్ట పెట్టి రుద్దితే ఆ దుమ్మే గరుకు కాగితమై రంగును గీకుతుంది. తర్వాత పైనుంచి కిందికి, బరువు వేయకుండా, తడిబట్టతో. చక్రాలకు వేరే బకెట్టు, వేరే గుడ్డ. నేల మీద పడిన బట్ట ఎంత మంచిదైనా మళ్ళీ ఉతికి ఆరేసేదాకా కారును తాకకూడదు.

ఆ బట్ట కూడా ఏది పడితే అది కాదు. అరిగి అరిగి వెన్నలా అయిన పాత పంచె. కుట్టు ఉంటే గీరుతుందని మద్దయ్య అంటే, దాని అంచులు చింపి దారాలు ఒక్కొక్కటే ఊడబెరికింది ఏసమ్మే. పని అయ్యాక ఆ బట్టను ఉతికి, నీడన ఆరేసి, మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టేది కూడా ఏసమ్మే. ఆ పొద్దుటి పనిలో తండ్రీ కూతుళ్ళు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఆయన చేయి చాపగానే ఏం కావాలో ఆమెకు తెలిసిపోయేది. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టుండే మనిషి కారు దగ్గర తేలిగ్గా ఉండేవాడు. ఒక్కోసారి సన్నగా కీర్తన పాడుకునేవాడు. ఆ పాట ఇంట్లో ఎవరికీ వినపడదు. అది ఏసమ్మ ఒక్కదానికే.

మరియమ్మ మద్దయ్య తమ్ముడి కూతురు. కోసిగి దగ్గర పల్లె వాళ్ళది. ఆ ఏడాది వానలు మొహం చాటేస్తే, దాని అమ్మా నాయనా గుంటూరు వైపు పత్తి తీయడానికి సుగ్గికి, వలస కూలికి పోతూ, దాన్ని అన్న ఇంట్లో దించి పోయారు. అది ఇంకా రెండు జడలు వేసుకునే పిల్ల. నోరు ఊరుకోదు. బస్సు దిగిన రోజే మిల్లులో ఎన్ని మిషన్లున్నాయో, సావుకారు ఇంట్లో ఎంతమంది ఉంటారో అన్నీ అడిగి తెలుసుకుంది. ఏసమ్మకు అడగడం రాదు. ఏదన్నా కావాలంటే ఎదురుగా నిలబడి కాలి బొటనవేలితో నేల గీస్తుంది.

ఒకరోజు సాయంత్రం రొట్టెలు కాలుస్తూ ఏసమ్మ తల్లి భీమక్క తలెత్తకుండానే ఒక మాట చెప్పింది. “రేపట్నించి నువ్వు కారుకాడికి పోవద్దంట. మరియమ్మ పోతుందిలే.”

“ఎందుకు?” అంది ఏసమ్మ.

“మీ నాయన సెప్పినాడు.”

నాయన చెప్పాడంటే ఇక ఆ ఇంట్లో ఎందుకు అనే మాట ఉండదు. ఏసమ్మ నాయన మొహంలోకి చూసింది. ఆయన గబగబా రొట్టె తుంచి పప్పులో ముంచుకున్నాడు.

తాను ఏం తప్పు చేసిందా అని ఏసమ్మ తెల్లారేదాకా వెతుక్కుంది. ఎప్పుడో మడ్‌గార్డు కింద మట్టి వదిలేసిందా? బట్ట సరిగా పిండలేదా? ఏదీ తట్టలేదు. తప్పు దొరికి ఉంటే బాగుండేది, దిద్దుకోవచ్చు. తప్పేమీ లేదంటే ఒక్కటే మిగిలింది. నాయనకు మరియమ్మ ఎక్కువైంది.

ఆ తర్వాత ప్రతి పొద్దూ ఏసమ్మకు ఒక పరీక్షే. తల్లితో పాటు మిల్లు ఆవరణలో పత్తి ఏరే పనికి పోవడానికి ఆమె జడ వేసుకుంటూ ఉంటుంది. ఇల్లు మిల్లు ఆవరణలోనే కాబట్టి గోడ అవతల నీళ్ళ చప్పుడు మొదలవుతుంది. ఆ వెంటనే మరియమ్మ గొంతు. అది ఏదో అడుగుతుంది. మద్దయ్య జవాబు చెబుతాడు. మళ్ళీ ఏదో అంటుంది. అప్పుడు మద్దయ్య నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గరే ఏసమ్మ చేతిలోని దువ్వెన ఆగిపోయేది. ఇన్నేళ్ళుగా తాను పక్కన నిలబడితే నాయన పాడాడు గానీ ఎప్పుడూ నవ్వలేదు. తనకు నవ్వించడం రాదు. నవ్వించకుండా పక్కన నిలబడటానికి ఇన్నాళ్ళూ ఆయన ఒప్పుకున్నాడంటే, వేరే దిక్కులేకేనేమో.

పైగా మరియమ్మ కొత్తగా నేర్చుకున్నదంతా అన్నాల దగ్గర ఏసమ్మకే పాఠం చెప్పేది.

“అక్కా, నీకు తెల్సునా, కారును పైనుంచి కిందికే తుడవల్ల. కింద మట్టుంటాది. ఆ మట్టి పైకొస్తే గీతలు పడతాయి. పెదనాయన సెప్పినాడు.”

“తెల్సు.”

“కింద పడిన బట్ట మళ్ళా…”

“తెల్సులే. ముందు నీ ముక్కు తుడుచుకో. పైనుంచి కిందికి.”

అది తగలాలని అన్న మాట. కానీ మరియమ్మ నిజంగానే పావడ అంచు పట్టుకుని, కారు తుడిచినంత శ్రద్ధగా, నుదుటి దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా మెల్లగా తుడుచుకుంది. భీమక్క పొరబోయేటట్టు నవ్వింది. మద్దయ్య దాని నెత్తి మీద చేయి వేసి, “మా క్లీనరమ్మ” అన్నాడు. విసిరింది ఏసమ్మ, ముద్దు దక్కింది మరియమ్మకు. ఇన్నేళ్ళ పనికి ఏసమ్మకు ఒక్క పేరు కూడా పెట్టలేదు నాయన.

రాత్రి ప్రార్థనలోనూ అదే. మద్దయ్య కళ్ళు మూసుకుని, తల్లిదండ్రులకు దూరంగా ఉన్న మా మరియమ్మను కాపాడు ప్రభువా అనేవాడు. తర్వాత, ఇంట్లో అందరినీ కాపాడు అనేవాడు. ఆ అందరిలో తాను ఎక్కడో ఒక మూల ఉంటుంది. కళ్ళు తెరిచి చూస్తే మరియమ్మ చేతులు జోడించుకుని, పెదాలు వణికిస్తూ ఉండేది. దానికి అమ్మ గుర్తొస్తోందని ఏసమ్మకు తెలియక కాదు. నిద్రలో అది తనను అమ్మ అనుకుని చుట్టేసుకుంటే తోసేసేది కాదు కూడా. కానీ తెల్లారి గోడ అవతల నీళ్ళ చప్పుడు మొదలుకాగానే ఆ జాలి కాస్తా ఎటో పోయేది. మరియమ్మకు వడ్డించే రొట్టె ఎప్పుడూ అంచు మాడిందే అయ్యేది. మరియమ్మ దాన్ని కరకరలాడుతుందని ఇష్టంగా తినేది. అదొక కడుపుమంట.

అన్నిటికన్నా ఎక్కువగా కాల్చింది ఆ బిస్కెట్ల డబ్బా. బట్ట ఉతకడం, మడవడం ఇప్పుడు మరియమ్మ పని. అది డబ్బాను తన బట్టల మూట మీద పెట్టుకుని, ఎవరన్నా తీసుకుంటారేమో అన్నట్టు దాని పక్కనే పడుకునేది. దారాలు ఊడబెరికిన వేళ్ళు ఒకరివి, కాపలా ఇంకొకరిది.

ఇట్లా ఉండగా ఎమ్మిగనూరులో సావుకారు కూతురికి సంబంధం కుదిరింది. తాంబూలాలకు సావుకారు ఇంటిల్లిపాదీ కారులో పోవాలి. ముందురోజు పొద్దున, పెళ్ళివారింటికి పండ్ల గంపలు చేర్చి రమ్మని సావుకారు మద్దయ్యను బస్సులో పంపాడు. కారు రోడ్డెక్కితే మళ్ళీ దుమ్ము కొట్టుకుంటుందని ఆయన ఆలోచన. గుమ్మం దాటబోతూ మద్దయ్య వెనక్కి తిరిగి, “క్లీనరమ్మా, సాయంత్రం ఎండ తగ్గినంక మనిద్దరం కారు బాగ కడగల్ల. తయారుగా ఉండు” అన్నాడు.

మనిద్దరం అన్న మాట ఏసమ్మ చెవిలో రోజంతా తిరిగింది. పత్తిలోంచి ఎండుటాకులు, కాయ డొప్పలు ఏరుతున్నా అదే. మధ్యాహ్నం దాటాక కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పేవాడు ఉండడు. మిషన్లు ఆగిపోయాయి. హమాలీలు నీడ చూసుకుని తువాళ్ళు పరుచుకున్నారు. భీమక్క మరియమ్మను వెంటేసుకుని, పొయ్యిలోకి పత్తికట్టె తేవడానికి పొలాల వైపు పోయింది. ఏసమ్మ ఒక్కతే మిగిలింది.

కారు రేకుల చావిడిలో ఉంది. పీచు, దుమ్ము కలిసి దాని మీద బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. నాయన తిరిగొచ్చేసరికి అది అద్దంలా ఉండాలి. ఎవరు కడిగారని ఆయన అడగాలి. నేనే అని తాను చెప్పాలి. ఎవరూ అందించకపోయినా, ఎవరూ నవ్వించకపోయినా, ఒక్క చేతి మీద కడిగినానని ఆయనకు తెలియాలి. అప్పుడు ఆ చోటు ఎవరిదో ఆయనే అనుకుంటాడు.

ఏసమ్మ తొట్టిలోంచి నీళ్ళు మోసింది. ఏ ఒక్కటీ మరిచిపోలేదు. చేయి తిరగేసి బానెట్ చల్లగా ఉందో లేదో చూసింది. టాపు మీద నుంచి చెంబుతో నీళ్ళు వదిలింది. దుమ్మంతా నల్లగా జారి నేల మీద పడేదాకా మళ్ళీ మళ్ళీ పోసింది. చక్రాలకు వేరే బకెట్టు పెట్టుకుంది. నీళ్ళు కారిన కారు చీకటి చావిడిలో కూడా మెరిసింది. ఇక తుడవాలి. నీళ్ళు వాటంతట అవే ఆరిపోతే చారలు కడతాయి.

బట్ట కోసం ఇంటికి పోయింది. డబ్బా మరియమ్మ మూట మీదే ఉంది. చేయి చాపితే అందుతుంది. చాపింది కూడా. కానీ రేపు మరియమ్మ అది చూసి, “నా బట్ట తీసుకున్నావా అక్కా” అంటుంది. నాయన ముందే అంటుంది. అంటే తాను తన నాయన కారును తుడవడానికి మరియమ్మ బట్ట అడుక్కున్నట్టవుతుంది. ఏసమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

వస్తూ వస్తూ ఆమె జిన్ను గది దగ్గర ఆగింది. కరెంటు పోయినప్పుడు మిషన్ల ముందు పడిన దూది తెల్లగా పొంగి, పొయ్యి మీద పాలలా ఉంది. ఆదోనిలో పుట్టిన పిల్లకు లోకంలో దూదిని మించిన మెత్తనిది ఉండదు. పసిబిడ్డ తలకింద దూది, పుండు మీద దూది, చెవిపోటుకు దూది. మరియమ్మ కాపలా కాసే పాతగుడ్డ దీని ముందు ఎంత? ఏసమ్మ రెండు చేతులా ఎత్తి ఒడిలో పోసుకుంది. పత్తి ఏరే పిల్ల కాబట్టి, కనపడిన ఆకు తునకలను ఏరి పారేసింది కూడా.

తుడుస్తుంటే దూది ఉండకట్టింది. తడిసిన దాన్ని పారేసి కొత్తది తీసుకుంది. నీళ్ళు త్వరగా పీల్చాలని గట్టిగా అదిమింది. మెరుపు రావాలని బానెట్ మీద మరీ గట్టిగా రుద్దింది. ప్రతి రుద్దుకూ మనసులో ఒక మాట. క్లీనరమ్మ అంట. మనిద్దరం అంట. అంటుకున్న పీచును వేళ్ళతో తీసేసి, వెనక్కి జరిగి చూసుకుంది. ఆ నీడలో నల్ల కారు తన మొహం చూపించింది. జుట్టు చెదిరి, బట్టలు ఒంటికి అతుక్కుని ఉన్నా, ఆ మొహం బాగుందనిపించింది.

మద్దయ్య వచ్చేసరికి పొద్దు పడమటికి దిగింది. అప్పుడే పత్తికట్టె మోపుతో భీమక్క, వెనక మరియమ్మ కూడా వచ్చారు. మద్దయ్య చావిడిలోకి తొంగి చూసి, తడి నేలనూ కారునూ చూసి ఆగిపోయాడు.

“ఎవరు కడిగినారు?”

ఏసమ్మ ఎదురుచూసిన ప్రశ్న అదే. “నేనే నాయనా” అంది. ఎప్పుడూ లేనిది, నేల చూడకుండా చెప్పింది.

“ఒక్కదానివే?”

“ఒక్కదాన్నే.”

మద్దయ్య నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, మీసం కింద కొంచెం. బస్సు దుమ్ముతో నిండిన ఆయన మొహంలో అలసట కాసేపు పోయింది. “నా పని తప్పించినావు కదమ్మా” అన్నాడు. ఆ నవ్వు మొత్తం తనది. ఏసమ్మ ఓరగా మరియమ్మను చూసింది. మరియమ్మ కింది పెదవి కొరుక్కుంటూ ఉంది. అది చూసి ఏసమ్మకు ఆ దినం ఎత్తిన నీళ్ళ బకెట్ల బరువంతా దిగిపోయింది.

ఆ సుఖం కారు చావిడి దాటేదాకే. సావుకారు ఇంటి ముందు పెడదామని మద్దయ్య కారును బయటికి తీశాడు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి బానెట్ మీద పడింది. నల్లటి రంగంతా ఒక్కసారిగా గీతలతో నిండిపోయింది. సన్నసన్నవి, వెంట్రుకల్లాంటివి, ఒకదాని మీద ఒకటి. ఎవరో ముళ్ళకంపతో తీరిగ్గా దువ్వినట్టు ఉంది. టాపు మీద తక్కువ, తలుపుల మీద కొన్ని. బానెట్ మీద, ఏసమ్మ బాగా మెరవాలని రుద్దిన చోట, లెక్కకు రానన్ని.

మద్దయ్య దిగి వచ్చి వేలు తడిచేసి ఒక గీత మీద రాశాడు. గీత మాయమైంది. తడి ఆరగానే మళ్ళీ తేలింది. మరియమ్మ ఇంట్లోకి పరిగెత్తి డబ్బా తెచ్చి మూత తీసింది. బట్ట మడత చెదరలేదు, పొడిగా ఉంది.

“బట్ట నా కాడే ఉందే. మరి నువ్వు దేంతో తుడిసినావు అక్కా?”

ఆ అడగడంలో కొంటెతనం లేదు. దానికి నిజంగానే అర్థం కాలేదు. అందుకే ఏసమ్మకు ఒళ్ళు మరీ మండింది.

“దూదితో తుడిసినా. నిన్నడిగి నీ బట్ట తీసుకోవల్లనా? దాని దారాలు పీకింది నేను. ఇన్నేండ్లు పిండింది నేను. నిన్న గాక మొన్న వచ్చినదాన్ని నేనెందుకు అడగల్ల?”

అంత పొడుగు మాట ఏసమ్మ నోట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. భీమక్క మోపు దించకుండా అట్లాగే నిలబడిపోయింది. మద్దయ్య కూతురి వైపు చూసి, వైపరు సందులో ఇరుక్కున్న దూది పింజను లాగాడు. బొటనవేలితో నలిపి, ఏసమ్మ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. నలిపితే తెలిసింది. మెత్తటి దూది మధ్యలో ఆవగింజలో సగం కూడా లేని పెంకు ముక్క. మిషను పత్తిగింజను విడదీసేటప్పుడు చిట్లిన పెంకు. పక్కనే ఇసుక నలుసు. రోజంతా పత్తి ఏరే ఏసమ్మ వేళ్ళకు అది తెలియనిది కాదు. ఏరి పారేసేది కంటికి కనపడిందే, కనపడనిది దూదిలోనే ఉండిపోతుందనీ తెలుసు. ఆ మధ్యాహ్నం ఆ తెలిసిందంతా ఎక్కడికి పోయిందో.

మద్దయ్య డిక్కీలోంచి మైనం డబ్బా తీశాడు. “రా. రుద్దు. అదమాకు” అన్నాడు. అట్లా చాలా రోజుల తర్వాత ఏసమ్మ నాయన పక్కన నిలబడింది. ఆయన పాత బట్టకు మైనం అద్ది ఇస్తుంటే ఆమె గీతల మీద మెల్లగా రాసింది. సన్నవి కొన్ని మునిగాయి. లోతువి మునగలేదు. ఏసమ్మ కళ్ళ నీళ్ళు బానెట్ మీద పడితే మద్దయ్య వాటినీ తుడిచాడు, పైనుంచి కిందికి.

కరెంటు ఎంతకూ రాకపోవడంతో హమాలీలు ఇళ్ళకు మళ్ళారు. గుంపులుగా కారు పక్క నుంచే పోతున్నారు. అందులో ఒకడు నడక తగ్గించి, “ఏం డ్రైవరన్నా, కొత్త క్లీనరా? మాకు సెప్పనే లేదే. మా లారీలు గూడా మురికిగానే ఉండాయి” అన్నాడు. వెనక వాళ్ళు పకపకా నవ్వారు. ఇంకొకడు ఈల వేశాడు. ఏసమ్మ తల దించుకుని చూసుకుంటే, నీళ్ళకు తడిసిన ఓణీ ఒంటికి ఎట్లా అతుక్కుందో అప్పుడు కనపడింది.

మద్దయ్య కారు చుట్టూ తిరిగొచ్చి దారికీ కూతురికీ మధ్యన నిలబడ్డాడు. భుజం మీది తువాలు తీసి ఆమె మీద కప్పాడు. వాళ్ళు గేటు దాటేదాకా అట్లాగే గోడలా నిలబడి, ఆమె వైపు చూడకుండా, “ఇందుకే నిన్ను రావద్దన్నది” అన్నాడు. బట్టకు మళ్ళీ మైనం అద్దుతూ, “నీకు సెప్పల్లంటే నాకు నోరు రాలేదు. మీ యమ్మ సెప్తాదనుకున్నా” అన్నాడు.

ఏసమ్మ తువాలు అంచులు దగ్గరికి లాక్కుంది. ఇన్నాళ్ళు వెతికినా దొరకని తప్పు తనలో లేదని తెలిసింది. తాను పెద్దదవడమే కారణం. దాన్ని దిద్దుకోవడం ఎవరి వల్లా కాదు. మనసు కుదుటపడాల్సిన మాటే అది. కొంత పడింది కూడా. కానీ ఆ నవ్వు సంగతి? గోడ అవతల రోజూ వినపడే ఆ నవ్వుకు హమాలీలు కారణం కాదు కదా. అది మరియమ్మది. దాన్ని నాయన ఎంత చెప్పినా తీసేయలేడు.

చీకటి పడకముందే మద్దయ్య సావుకారు దగ్గరికి పోయి, ఆయన చూసేలోపే తానే చెప్పాడు. ఇంట్లోవాళ్ళు తెలియక దూదితో తుడిచారనీ, చావిడికి తాళం వేసి పోవలసింది తానేననీ, తప్పు తనదేననీ చెప్పాడట. సావుకారు నరహరి శెట్టి బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగి చూశాడు. దూది మీద బతికే మనిషికి తన దూదే తన కారును గీకిందంటే ఏమనాలో వెంటనే తోచినట్టు లేదు. తెల్లారితే శుభకార్యం కాబట్టో, మద్దయ్య ఇన్నేళ్ళ మనిషి కాబట్టో, ఉద్యోగం మాట ఎత్తలేదు. ఒక్కటే అన్నాడు.

“ఇంగ మీదట మీ ఇంటి పిల్లోల్లు ఈ కారుకాడ కనపడగూడదు మద్దయ్యా. చిన్నదైనా సరే, పెద్దదైనా సరే.”

ఇంటికొచ్చి మద్దయ్య ఆ మాటనే తిప్పి చెప్పాడు. మరియమ్మ మొదట నమ్మలేదు. తర్వాత డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. అన్నం తినమంటే వద్దంది. భీమక్క మాడిన అంచున్న రొట్టె ఏరి ఇచ్చినా ముట్టలేదు. మరియమ్మ ఆ చోటులోంచి పోవాలని ఏసమ్మ ఎన్ని పొద్దులు కోరుకుందో. ఇప్పుడది నిజంగా పోయింది. పోయినందుకు తనకేమీ దక్కలేదు. ఆ చోటు ఎవరిదీ కాకుండా పోయింది. ప్రార్థనలో మద్దయ్య ఇద్దరి పేర్లూ పలికాడు. ఏసమ్మకు తన పేరు ముందు వినపడింది. దానికి సంతోషించబోయి, పక్కన మరియమ్మ ముక్కు ఎగబీల్చడం విని, సగంలో ఆపుకుంది.

కారు ఎమ్మిగనూరు పోయి వచ్చింది. పెళ్ళివారు పట్టుచీరలనే చూశారు గానీ బానెట్‌ను ఎవరూ చూడలేదని మద్దయ్య భీమక్కతో చెప్పాడు.

మరుసటి పొద్దున గోడ అవతల నీళ్ళ చప్పుడు మొదలైంది. ఏసమ్మ జడ వేసుకుంటూ ఉంది. మరియమ్మ గడపలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. రెండు రోజులుగా అది అక్కతో మాట్లాడలేదు. ఇద్దరికీ గోడే కనపడుతోంది. కానీ ఆ చప్పుడులో ఏది టాపు మీద పడే నీళ్ళో, ఏది అద్దం మీద జారే నీళ్ళో ఇద్దరికీ తెలుసు. మద్దయ్య మాటలు లేవు, నవ్వు లేదు, పాట కూడా లేదు.

“ఇంగ చక్రాలు” అంది మరియమ్మ తనలో తాను.

“ఇంకా ఎడమవైపు తలుపులు కాలేదు” అంది ఏసమ్మ.

“అయిపోయినాయి. నేను విన్నా.”

“నాకంటే నీకు బాగ తెల్సునా?”

“పెదనాయన ఇప్పుడు తలుపులే ముందు కడుగుతాడు. నీ కాలంలో కాదు.”

నీ కాలంలో అన్న మాటకు ఏసమ్మ వెనక్కి తిరిగింది. ఏదో అనబోతుండగానే గోడ అవతల నుంచి మద్దయ్య గొంతు వచ్చింది. “ఇంట్లో ఎవరుండారు? గోడ మొదట్లో ఒక బకెట్టు నీళ్ళు పెట్టి పోండి.”

ఎవరు అని మాత్రమే అన్నాడు. పేరు చెప్పలేదు. ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఇద్దరి చేతులూ ఒకే బకెట్టు పిడి మీద పడ్డాయి. ఏసమ్మ లాగింది, మరియమ్మ వదల్లేదు. తొట్టిలో ముంచేటప్పుడూ వదల్లేదు, నీళ్ళు నిండి బరువెక్కినప్పుడూ వదల్లేదు. చేసేది లేక ఇద్దరూ చెరొకవైపు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా, అడుగులు కలవక నీళ్ళు కాళ్ళ మీద ఒలికించుకుంటూ, గోడ వైపు నడిచారు.